పంతులు గారి ఇంటి తలుపు

పదో తరగతిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు నాకు ఒక రెండు మార్కుల ప్రశ్న. గద్య తిక్కన అనే బిరుదు, రాజశేఖర చరిత్రము, వివేకవర్ధని పత్రిక, 1848లో పుట్టుక, 1919లో మరణం. ఈ అయిదూ రాస్తే రెండుకి రెండు. పరీక్ష అయిన మర్నాడే మర్చిపోయాను. మీరూ అంతే అయ్యుంటారు, సిగ్గుపడక్కర్లేదు.

మళ్లీ గుర్తొచ్చింది పోయిన సెమిస్టర్‌లో. ఒక రాత్రి పదిన్నరకి మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఇంట్లో పెళ్లి గొడవ, బయటికి పొమ్మన్నారు, బ్యాగ్ తీసుకుని బస్టాండులో కూర్చుంది. నేనూ ఇంకో ఇద్దరం బయల్దేరాం. దార్లోనే ఫోన్లు మొదలుపెట్టాం. అమ్మాయిల హాస్టల్లో ఆ టైముకి బయటివాళ్లని రానివ్వరు. ఒక లాడ్జిలో ఒంటరి ఆడపిల్లకి గది ఇవ్వం అన్నారు. మా అద్దె గదికి తీసుకెళ్తే ఓనరు అందర్నీ కలిపి రోడ్డు మీద పడేస్తాడు. బంధువులు ఉన్నారు గానీ వాళ్లంతా వాళ్ల నాన్న వైపే. గంటన్నర సేపు అంత పెద్ద సిటీలో ఒక మనిషి పడుకోవడానికి చోటు దొరకలేదు. చివరికి ఒక సీనియర్ 181కి చెయ్యమంది. చేశాం. సఖి కేంద్రానికి పంపారు. అక్కడ అయిదు రోజుల వరకు ఉండొచ్చట. అలాంటిది ఒకటి ఉందని మా ముగ్గురిలో ఒక్కరికీ తెలీదు. అంతా ఇంజనీరింగ్ మూడో సంవత్సరం! ఆ అమ్మాయి ఇప్పుడు బాగానే ఉంది. తనకి చూపించి, ఒప్పుకున్నాకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

సెలవులకి ఊరెళ్తే తాతయ్య బీరువాలో వీరేశలింగం గారి స్వీయ చరిత్రము కనబడింది. అట్ట చిరిగిపోయిన పాత పుస్తకం. ఆ భాష మొదట్లో సిలబస్‌లా అనిపించింది, ఓ ముప్పై పేజీలు దాటాక అలవాటైపోయింది. ఈసారి నా బుర్రలో ఒకటే ప్రశ్న. వితంతు వివాహాలు చేయించారు, సరే. పెళ్లికి ముందు ఆ పిల్లలు ఎక్కడ పడుకున్నారు? పెళ్లయ్యాక ఎక్కడ కాపురం పెట్టారు? ఆ పుస్తకంలోంచీ, తర్వాత చదివిన మరికొన్నిటిలోంచీ నాకు అర్థమైన ఆయన జీవితం ఇది.

1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో పుట్టారు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కడుతున్న రోజులవి. నాలుగేళ్లకే తండ్రి సుబ్బారాయుడు గారు పోయారు. తల్లి పున్నమ్మ గారు, పెదతండ్రి వెంకటరత్నం గారు పెంచారు. ఒక వితంతువు ఇంట్లో ఎలా బతుకుతుందో ఆయన చూసింది మొదట సొంత ఇంట్లోనే అన్నమాట. పదమూడో ఏట పెళ్లి. భార్య బాపమ్మకి అప్పటికి పదేళ్లు కూడా లేవు. ఆవిడ పేరే తర్వాత రాజ్యలక్ష్మి అయింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. మన పాఠ్యపుస్తకం ఈవిడ గురించి ఒక్క వాక్యం రాసి ఊరుకుంది. నా లెక్కలో ఈ కథలో సగం ఈవిడది.

చదువయ్యాక బడిపంతులు. కోరంగి, తర్వాత ధవళేశ్వరం. 1874లో వివేకవర్ధని మొదలుపెట్టారు, అదే ఏడు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి. పత్రికలో కోర్టుల్లో లంచాల గురించి రాసి చాలామంది పెద్దమనుషులకి కంట్లో నలుసయ్యారు. తర్వాత రాజమండ్రి కాలేజీలో తెలుగు పండితులయ్యారు. నాటకాలు, ప్రహసనాలు, నవల, కవుల చరిత్ర. ఇవన్నీ మీరు చదువుకున్నవే, వదిలేస్తున్నాను.

1879లో వితంతు వివాహం శాస్త్రానికి విరుద్ధం కాదని ఊళ్లో ఉపన్యాసాలిచ్చారు. పండితులు గోల పెట్టారు. శ్లోకానికి శ్లోకం, వాదానికి వాదం. నిజానికి చట్టం ఎప్పుడో వచ్చేసింది. బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పోరాడితే 1856లోనే వితంతు వివాహం చట్టబద్ధమైంది. పాతికేళ్లు గడిచినా గోదావరి జిల్లాలో ఆ కాగితం ఎవరికీ ఉపయోగపడలేదు. ఎందుకో చట్టం లోపలికి చూస్తే తెలుస్తుంది. రెండో సెక్షన్ ప్రకారం మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో ఉన్న హక్కు, మనోవర్తితో సహా పోతుంది. అంటే అత్తింటి కప్పు పోయినట్టే. పుట్టింటివాళ్లు తలుపు తీస్తే వాళ్లనీ కులం వెలివేస్తుంది. కాబట్టి పెళ్లికి సరేనన్న క్షణం నుంచి ఆ పిల్లకి ఈ భూమ్మీద ఇల్లు లేదు. చట్టం పెళ్లికి అనుమతిచ్చింది గానీ ఆ రాత్రి తల దాచుకునే చోటు ఇవ్వలేదు.

ఆ చోటు పంతులు గారి ఇల్లే అయింది.

మొదటి పెళ్లికూతురు కృష్ణా జిల్లా వైపు పిల్ల, పన్నెండేళ్లు. తల్లికి ఇష్టమే, మిగతా బంధువులకి కాదు. మనుషుల్ని పంపి గుట్టుగా రాజమండ్రి రప్పించారు. రైళ్లూ ఫోన్లూ లేని దారి అది. తెచ్చి నేరుగా తన ఇంట్లోనే పెట్టుకున్నారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, 22 ఏళ్ల కుర్రాడు. కబురు పొక్కగానే ఊరు ఊరంతా ఆ ఇంటి మీద కన్నేసింది. వంటవాళ్లు మానేశారు. నీళ్లు మోసేవాళ్లు రాలేదు. చుట్టాలు గుమ్మం తొక్కలేదు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ గారు బిందె చంకన పెట్టుకుని గోదావరికెళ్లి నీళ్లు మోశారు, పెళ్లివంట తానే వండారు. ఆవిడకి అప్పటికి ముప్పై ఏళ్లుంటాయి.

కాపలా ఎవరున్నారనుకున్నారు? పోలీసు బందోబస్తు సంగతి అలా ఉంచండి, రాజమండ్రి కాలేజీ విద్యార్థులు. మన వయసు వాళ్లు, ఇంకా చిన్నవాళ్లు. పిల్లని ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఇంటి చుట్టూ, వీధిలో నిలబడ్డారు. వాళ్లలో చాలామందికి ఇంటి దగ్గర్నుంచి నెలనెలా డబ్బొచ్చేది, అది ఆగిపోతే చదువు ఆగిపోతుంది. మేం బస్టాండు నుంచి ఫోన్లు చేసిన గంటన్నరని పెద్ద సాహసంలా చెప్పుకు తిరిగాం. ఈ పేజీ చదివాక ఆ మాట తగ్గించాను.

1881 డిసెంబరు 11 రాత్రి పెళ్లి అయింది. నాలుగు రోజులకే రెండో పెళ్లి. ఆ వెంటనే వెలి. పెళ్లిలో భోజనం చేసినవాళ్లు, తాంబూలం పుచ్చుకున్నవాళ్లు కూడా ప్రాయశ్చిత్తం చేసుకోవాలన్నారు. అంతవరకు భుజం తట్టిన స్నేహితులు కొందరు నెమ్మదిగా జారుకుని ప్రాయశ్చిత్తం చేసేసుకున్నారు కూడా. వాళ్లని తిట్టబుద్ధి కాలేదు నాకు. ఇంట్లో పెళ్లికెదిగిన చెల్లెలున్నవాడు ఏం చెయ్యగలడు? కానీ పంతులు గారికి మాత్రం బాగా కోపమొచ్చింది. ఆయనకి కోపం త్వరగా వచ్చేది, అంత త్వరగా పోయేది కాదు.

అసలు కష్టం పెళ్లి తర్వాత మొదలైంది. కొత్త జంటలకి అద్దెకి ఇల్లివ్వరు. బావి దగ్గర నీళ్లు తోడుకోనివ్వరు. పురుడొస్తే సాయమొచ్చేవాళ్లు లేరు, చావొస్తే మోసేవాళ్లు లేరు. కొందరు వరులకి ఉద్యోగాలు పోయాయి. అందుకని ఆ జంటలకి ఇళ్లు చూడ్డం, నెలకి ఇంతని ఇవ్వడం, ఉద్యోగాలకి ఉత్తరాలు రాయడం, అన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు వేల రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు. ఆయన పోయాక ఆ ఊతం కూడా పోయింది. తన జీతం, పుస్తకాల మీద వచ్చే డబ్బు అటే పోసేవారు. అన్ని పుస్తకాలు ఎలా రాశారా అని ఆశ్చర్యపోయేవాణ్ని, ఎందుకు రాశారో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వచ్చిన వరులందరూ ఆదర్శవాదులేం కాదు. ఉచితంగా ఇల్లు, నగలు, ఉద్యోగం వస్తాయని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇచ్చింది చాలలేదని ఆయన మీదే తిరగబడ్డవాళ్లూ ఉన్నారు. సాయం పొందినవాడు జీవితాంతం కృతజ్ఞతతో ఉంటాడని ఆశించడం ఆయన పొరపాటని నాకనిపిస్తుంది. ఆయన పద్ధతి కూడా ఇంటిపెద్ద పద్ధతే. ఎవరు ఎలా ఉండాలో తానే చెప్పాలి, వినకపోతే కోపం. ఒకే కప్పు కింద ఒకరు ఇచ్చేవాళ్లు, మిగతావాళ్లు పుచ్చుకునేవాళ్లు అయితే గొడవలు రాకుండా ఎలా ఉంటాయి? మూడు నెలలు రూమ్మేట్ తరఫున అద్దె కట్టినవాళ్లని అడగండి, చెప్తారు.

పన్నెండేళ్ల పిల్లకి పెళ్లేమిటి అని మీరు అడుగుతారు. నేనూ ఆగిపోయాను అక్కడ. ఆమెకి ముందు కావాల్సింది మొగుడు కాదు, బడి, నాలుగేళ్లు భయం లేకుండా ఉండే ఇల్లు. అయితే 1881లో ఒంటరి ఆడపిల్లకి ఊళ్లో నిలబడే దారి ఇంకోటి కనబడలేదు, ఆయనకీ కనబడలేదు. పెళ్లే ఇల్లు అనుకున్నారు. అలా ఆయన చేతుల మీదుగా మొత్తం మీద నలభై దాకా పెళ్లిళ్లు జరిగాయి.

తర్వాత ఆలోచన మారింది. లేదా నాకలా అనిపిస్తోంది. 1890 దశకం చివర్లో మద్రాసు వెళ్లి, 1898లో భార్యతో కలిసి అక్కడ వితంతు శరణాలయం పెట్టారు. ఇది సొంత ఇంట్లో ఒక గది ఖాళీ చేసి ఇవ్వడం కాదు. వచ్చినవాళ్లు ఉండి చదువుకునే చోటు. నడిపింది ఎక్కువ భాగం రాజ్యలక్ష్మమ్మ గారే. తలుపు తట్టినవాళ్లకి అన్నం పెట్టడం, జబ్బు చేస్తే పక్కన కూర్చోవడం, ఏడ్చేవాళ్లని ఊరుకోబెట్టడం. ఆ దంపతులకి పిల్లలు లేరు. ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి, అచ్చుకూటం చూసుకుని ఇంటికొచ్చేసరికి ఆవిడ దగ్గర ఇంటినిండా మనుషులు. 1905లో రాజమండ్రిలో కూడా వితంతు శరణాలయం వచ్చింది.

ఆ తర్వాత ఆయన చేసిన పని మన భాషలో చెప్పాలంటే సిస్టమ్ డిజైన్. అంతవరకు అంతా ఒక్క మనిషి మీద నడిచింది. ఆ మనిషి పడుకుంటే అన్నీ పడుకుంటాయి. ఇంజనీరింగ్‌లో దీన్ని ఎంత తిట్టుకుంటామో తెలుసు కదా. అందుకే హితకారిణీ సమాజం స్థాపించి, 1908లో రిజిస్టరు చేయించి, ఇల్లు, తోట, అచ్చుకూటం, పుస్తకాల హక్కులతో సహా తన ఆస్తంతా దానికి రాసిచ్చేశారు. ఎన్నో జంటలకి ఇళ్లు చూసిపెట్టిన మనిషికి చివరికి తనదని చెప్పుకోడానికి ఇల్లు లేదు. ఆ సమాజం పేరుతో నడిచే విద్యాసంస్థలు రాజమండ్రిలో ఈ రోజుకీ ఉన్నాయి. మన కాలేజీలోనే అక్కడ ఇంటర్ చదివినవాళ్లు ఉండొచ్చు.

1910లో రాజ్యలక్ష్మమ్మ గారు పోయారు. స్వీయ చరిత్రము మొదటి భాగం ఆ మరుసటి ఏడు వచ్చింది. బిందె మోసిన మనిషి లేకుండా ఆ పెళ్లిరోజు గురించి చదువుతున్నామని నాకు ముందు తట్టలేదు. తేదీలు పక్కపక్కన పెట్టుకున్నాక తట్టింది. చివరి ఏళ్లు ఆయనకి సుఖంగా గడవలేదు. ఆరోగ్యం బాలేదు, తన మనుషులనుకున్నవాళ్లతోనే తగాదాలు వచ్చాయి. అయినా కవుల చరిత్ర సవరించుకుంటూనే ఉన్నారు. 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. రాజమండ్రి ఆనందోద్యానంలో భార్యాభర్తల సమాధులు ఉన్నాయి. తిరిగి కాలేజీకి వచ్చే రోజు అక్కడికెళ్లాను. ట్రైను టైమవుతోందని పది నిమిషాలే ఉన్నాను.

వచ్చాక క్లబ్‌లో నలుగురం కూర్చుని ఒక ఏ ఫోర్ కాగితం మీద రాశాం. ఆడవాళ్లకి ఏ రాత్రయినా 181. దాని కింద సఖి కేంద్రం అడ్రసు. ఇంకా కింద మున్సిపాలిటీ నైట్ షెల్టర్ అడ్రసు. లక్ష జనాభాకి వందమంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మన ఊళ్లో ఉన్నది చూడ్డానికి ఒక రాత్రి వెళ్లాం, దారి చూపించే బోర్డు లేక రెండుసార్లు దాటిపోయాం. ఆ కాగితాన్ని నోటీసు బోర్డు మీద ప్లేస్‌మెంట్ లిస్టు పక్కన అంటించాం. వారంలో ఎవరో పీకేశారు. మళ్లీ అంటించాం. ఈసారి కాగితం చివర ఒకరు పెన్సిల్‌తో తన గది నంబరు రాసి, అమ్మాయిలైతే ఎంత రాత్రయినా తలుపు కొట్టొచ్చని రాసింది. ఎవరో తెలీదు. ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది.