సవర పిల్లలకు చదువు చెప్పిన గిడుగు వారు

ప్రతి ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాము. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. వాడుక భాష కోసం పోరాడిన మహనీయునిగా ఆయన అందరికీ తెలుసు. పిల్లలకు చదువు ఎలా అలవాటు చేయాలో కూడా ఆయన చేసి చూపించారు. ఆ సంగతి మన హాస్టల్ విద్యార్థులందరూ తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

గిడుగు వారు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. 1875లో తండ్రి వీర్రాజు గారు మరణించారు. అయినా చదువు మానలేదు. మన గరివిడికి దగ్గరలోని విజయనగరంలో మహారాజా వారి పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో నెలకు 30 రూపాయల జీతంపై పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో ఉపాధ్యాయులయ్యారు.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు చుట్టం కాదు, ముండా భాషల కుటుంబానికి చెందినది. సవర పిల్లవాడు తెలుగు బడికి వస్తే అక్షరమూ కొత్తే, మాటా కొత్తే. అలాంటి పిల్లవాడు బడిలో ఎన్నాళ్లు ఉంటాడు?

గిడుగు వారు రెండు భాషలూ వచ్చిన ఒకరిని ఇంట్లోనే ఉంచుకొని సవర నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, కథలు, పాటలు సేకరించారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. కొండల్లో తిరిగి మలేరియా జ్వరం తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. అయినా వెనుదిరగలేదు. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. 1940 జనవరి 22న కన్నుమూశారు.

నేడు చిన్నపిల్లలకు డైనోసార్ల బొమ్మల పుస్తకాలు ఇచ్చి చదువు నేర్పుతున్నారు. బొమ్మ చూడగానే పిల్లవాడు తన మాటల్లో ఏదో ఒకటి చెబుతాడు. అక్కడి నుంచే చదువు మొదలవుతుంది. గిడుగు వారి బాట కూడా అదే. ముందు పిల్లవాడి నోట ఉన్న మాట, ఆ తర్వాతే అక్షరం.

మన హాస్టల్‌కు ఎన్నో ఊళ్ల నుంచి తమ్ముళ్లు వస్తారు. వారి యాసను చూసి నవ్వకుండా, పక్కన కూర్చోబెట్టుకొని ఒక బొమ్మల పుస్తకం చదివిద్దాం. గిడుగు వారికి మనం ఇచ్చే నిజమైన నివాళి అదే.