సిక్సర్ల నాయుడు మనవాడే

హెర్న్‌డన్: శని, ఆదివారాలు వస్తే బ్యాటు పట్టుకుని మైదానానికి పరుగెత్తే మనవాళ్లలో ఎందరికి తెలుసో గానీ, భారత టెస్టు జట్టు తొలి కెప్టెన్ తెలుగువాడే. ఆయనే సి.కె.నాయుడు. 1895లో నాగపూర్‌లో, వలస వెళ్లిన తెలుగు కుటుంబంలో పుట్టారు.

1926లో బొంబాయి జింఖానాలో ఎంసీసీ బౌలర్లను ఉతికేశారు. రెండు గంటల్లోపే 153 పరుగులు, అందులో 11 సిక్సర్లు! అయినా కెప్టెన్సీ మాత్రం రాజాలదే. 1932లో పోరుబందర్ మహారాజు పక్కకు తప్పుకోబట్టే లార్డ్స్‌లో ఈయనకు పగ్గాలు దక్కాయి. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో 40 కొట్టారు, జట్టులో అదే ఎక్కువ. మరుసటి ఏడాది విజ్డెన్ ఉత్తమ క్రికెటర్లలో చోటు దొరికింది.

1936 వచ్చేసరికి కెప్టెన్సీ మళ్లీ రాజకుటుంబానికే పోయింది. ఈసారి విజయనగరం విజ్జీకి, అంటే ఆయనా మనవాడే! ఆటలో ఇద్దరికీ పోలికే లేదు. నాయుడు ఆయన కిందే ఆడి, ఓవల్‌లో బంతి ఛాతీకి బలంగా తగిలినా 81 చేశారు. అదే ఆఖరి టెస్టు.

ఏడు టెస్టుల్లో 350 పరుగులంటే లెక్కకు చిన్నవే. కానీ హోల్కర్ తరఫున రంజీలో డబుల్ సెంచరీ కొట్టేనాటికి ఆయనకు 50 ఏళ్లు. 1956లో పద్మభూషణ్ ఇచ్చారు. 68 ఏళ్లప్పుడు కూడా ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడిన నాయుడు 1967లో ఇండోర్‌లో కన్నుమూశారు.