హేగర్‌ని గీసిన డిక్ బ్రౌన్

వైకింగ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది రెండు కొమ్ముల టోపీ, ఎర్రగడ్డం, పెద్ద బొజ్జ. ఆ బొమ్మ మనకి చరిత్ర పుస్తకంలోంచి రాలేదు, ఇంగ్లీషు పేపర్లో వచ్చే కార్టూన్ లోంచి వచ్చింది. తాతయ్య పేపరు చదవడం అయిపోగానే నేను ముందు వెతికేది హేగర్ కోసమే. అందుకే ఈసారి ఆ హేగర్‌ని పుట్టించిన డిక్ బ్రౌన్ గురించి రాస్తున్నాను.

ఆయన 1917లో న్యూయార్క్‌లో పుట్టారు. కూపర్ యూనియన్‌లో కొన్నాళ్ళే చదివి, కుర్రవాడిగా ఉండగానే ఒక దినపత్రికలో కాపీ బాయ్‌గా చేరారు. అంటే రాసిన కాగితాలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మోసే పని. చెయ్యి బొమ్మలకి బాగా తిరుగుతుందని తెలిశాక కోర్టు బొమ్మలు వేయించారు. 1936లో లక్కీ లూచియానో అనే గ్యాంగ్‌స్టర్ మీద జరిగిన పెద్ద విచారణకి బొమ్మలు వేసింది ఈ కుర్రాడే. తర్వాత యుద్ధం వచ్చి సైన్యంలోకి వెళ్ళారు. అక్కడ సైన్యంలో పనిచేసే ఆడపిల్ల మీద జిన్నీ జీప్ అనే కార్టూన్ కూడా గీశారు. యుద్ధం తర్వాత చాలాకాలం ప్రకటనలకి బొమ్మలు వేయడమే బతుకుతెరువు. చికీటా అనే అరటిపండు బొమ్మ కూడా ఆయన చేతిదే.

1954లో మోర్ట్ వాకర్ మాటలు రాస్తే ఈయన బొమ్మలు వేస్తూ హై అండ్ లోయిస్ అనే కుటుంబం కార్టూన్ మొదలైంది. పేరొచ్చింది, 1962లో రూబెన్ అవార్డు కూడా వచ్చింది. కానీ అది ఇద్దరి ఆస్తి. ఇంతలో ఆయన కంటికి జబ్బు చేసింది, రెటీనా ఊడింది. బొమ్మలు వేసి బతికే మనిషికి చూపు పోతుందేమోనన్న భయం ఎలా ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. తనకి చేతకాకపోయినా కొడుకులు నడపగలిగేది, ఇల్లు గడిచేది ఒకటి కావాలనుకున్నారు. పిల్లలు ఆయన్ని సరదాగా హేగర్ ద టెర్రిబుల్ అని పిలిచేవారట. టెర్రిబుల్‌ని హారిబుల్ చేసి, తన గడ్డమూ తన బొజ్జా పెట్టేసి, 1973 ఫిబ్రవరి 4న పేపర్లోకి పంపారు. ఆ ఏడాదికి మళ్ళీ రూబెన్ అవార్డు.

నిజానికి వైకింగుల టోపీలకి కొమ్ములు లేవు. నార్వేలో 1943లో బయటపడ్డ గెర్‌మున్‌బూ శిరస్త్రాణం నున్నగా ఉంటుంది. 1876లో జర్మనీలో వాగ్నర్ ఆపెరాకి కార్ల్ డోప్లర్ వేషాలు తయారుచేసినప్పుడు కొమ్ములు తగిలించారు, అక్కణ్ణించి అవి జనంలో పాతుకుపోయాయి. మన సినిమా యముడి కిరీటం లాంటిదే అనుకోండి, కొమ్ములు తీసేస్తే ఎవరూ గుర్తుపట్టరు. బ్రౌన్ ఆ కొమ్ముల్ని తీయలేదు. పేపర్లో నాలుగు అంగుళాల గడిలో మనిషి ఎవరో ఒక్క చూపులో తెలియాలి కదా.

ఆయన చేసింది ఇంకొకటి, నాకు నచ్చింది అదే. పాత బొమ్మల్లో వైకింగ్ అంటే కత్తి పట్టుకుని ఊళ్ళు తగలబెట్టేవాడు. హేగర్ కూడా ఇంగ్లండ్ దోచుకోవడానికే వెళ్తాడు, కానీ ఆఫీసుకి వెళ్ళినట్టు వెళ్తాడు. తిరిగొచ్చాక హెల్గా కాళ్ళు తుడుచుకోమంటుంది, స్నానం చేయమంటుంది. కొడుకు హామ్లెట్‌కి దోపిడీ వద్దు, పుస్తకాలు కావాలి. కూతురు హోనీ కవచం వేసుకుని తిరుగుతుంది. హెల్గాని ఎప్పుడూ సణిగే భార్యగానే చూపించడం మాత్రం నాకు విసుగు. ఆ ఇంటిని నడిపేది ఆవిడే, నవ్వు మాత్రం ఎక్కువసార్లు ఆవిడ మీదే.

బ్రౌన్ 1989 జూన్ 4న ఫ్లోరిడాలో చనిపోయారు. అప్పటికే కొడుకులిద్దరూ పనిలో దిగారు. హై అండ్ లోయిస్ బొమ్మలు చాన్స్ తీసుకున్నాడు. హేగర్‌ని క్రిస్ తీసుకుని, 2023లో చనిపోయేదాకా తండ్రి గీతలోనే, తండ్రి బొజ్జతోనే నడిపించాడు.