క్షేమేంద్రుని జీవితము - సన్నివేశౌచిత్యము

సంస్కృతసాహిత్యచరిత్రమున క్షేమేంద్రుని పేరు ఔచిత్యమను మాటతో ముడివడియున్నది. అలంకారశాస్త్రము చదువు విద్యార్థి అతనిని ఔచిత్యప్రస్థానకర్తగా ఎఱుగును. అతడు భారత రామాయణ బృహత్కథలను మూడింటిని సంగ్రహించిన కథకుడనియు, లోకవృత్తమును దగ్గఱనుండి చూచి పరిహాసకావ్యములు వ్రాసినవాడనియు తరచుగా మఱపునకు వచ్చుచుండును. అతని ఔచిత్యవిచారమునకు వెనుక ఈ కథకుని అనుభవము కలదు. కథలో ఏ సన్నివేశమును నిలుపవలెను, దేనిని విడువవలెను, నిలిపినదానిని ఏ ప్రయోజనమునకై నిలుపవలెను అను ప్రశ్న అతని రచనలన్నింటను అంతర్వాహినిగా కనబడును. ఆ ప్రశ్నను చేతబట్టుకొని అతని చరిత్రను పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

వంశము - విద్యాభ్యాసము

క్షేమేంద్రుడు కాశ్మీరదేశీయుడు. తండ్రి ప్రకాశేంద్రుడు, తాత సింధువు. పూర్వులలో నరేంద్రుడనువాడు జయాపీడమహారాజునకు మంత్రిగా నుండెనని అతని కుమారుడు సోమేంద్రుడు తెలిపియున్నాడు. ప్రకాశేంద్రుడు సంపన్నుడు, దానశీలి, శివభక్తుడు. క్షేమేంద్రుని రచనాకాలము అనంతరాజు (1028-1063), అతని కుమారుడు కలశుడు (1063-1089) కాశ్మీరమును పాలించిన దినములలోనిది.

అతడు సాహిత్యమును అభినవగుప్తపాదుని యొద్ద వినెను. గంగకుడను మఱియొక గురువును కూడ స్మరించెను. శైవకుటుంబమున పుట్టినవాడైనను, సోముడను భాగవతాచార్యుని వలన విష్ణుభక్తుడయ్యెను. వ్యాసదాసుడను నామాంతరమును తానే ధరించెను. ఆ పేరులో అతని ఆదర్శము వ్యక్తమగుచున్నది. కథలు చెప్పువారిలో వ్యాసునికంటె అధికుడు లేడని అతని విశ్వాసము.

అభినవగుప్తుడు లోచనవ్యాఖ్యచే వెలుగొందించిన ధ్వన్యాలోకమున కథారచయితలకు ముఖ్యమైన పాఠమొకటి కలదు. ఇతివృత్తమును ఉన్నదున్నట్లు నిర్వహించినంతమాత్రమున కవికి ప్రయోజనము సిద్ధింపదనియు, ఆ పని ఇతిహాసమే చేయుననియు, రసమునకు ప్రతికూలమైన కథాంశమును విడిచి అనుకూలమైనదానిని కల్పించుకొనవలెననియు ఆనందవర్ధనుడు నిర్ణయించెను. సంధులను, సంధ్యంగములను రసాభివ్యక్తికై కూర్పవలెనే గాని శాస్త్రము చెప్పినదను కారణముచే కూర్పరాదని అతని మతము. దీనికి అతడు చూపిన ప్రత్యుదాహరణము వేణీసంహారద్వితీయాంకము. కురుక్షేత్రసంగ్రామము జరుగుచుండగా దుర్యోధనుడు భానుమతితో శృంగారచేష్టలలో మునిగియుండును. ప్రతిముఖసంధిలో విలాసమను అంగము ఉండవలెనని భరతముని చెప్పినందున భట్టనారాయణుడు ఆ ఘట్టమును చేర్చెను. శాస్త్రనియమము నెఱవేఱినది కాని వీరరసప్రవాహమునకు అడ్డుకట్ట పడినది. లక్షణము కుదిరినను ప్రయోజనము లేని సన్నివేశము దోషమేయని దీనివలన తేలుచున్నది. క్షేమేంద్రుడు పెరిగిన సాహిత్యవాతావరణము ఇట్టిది.

మంజరీత్రయము

క్షేమేంద్రుడు తొలుత చేపట్టినది సంగ్రహరచన. భారతమంజరి, రామాయణమంజరి, బృహత్కథామంజరి అను మూడును ఈ కోవలోనివి. వీనిలో భారతమంజరి రచన సుమారు 1037 నాటిది. లక్షశ్లోకములు గలదని ప్రసిద్ధి గాంచిన ఇతిహాసమును సుమారు 10 వేల శ్లోకములకు కుదించుట సామాన్యకార్యము కాదు. పదింట ఒకటి నిలుపవలెనన్నచో తొమ్మిదింటిని విడుచుటకు హేతువు తెలియవలెను. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ప్రేరణచే నన్నయభట్టారకుడు ఆంధ్రమహాభారతమునకు పూనుకొనినదియు ఈ శతాబ్దముననే. భరతఖండమునకు రెండు కొసలయందు ఇద్దఱు కవులు ఒకే ఇతిహాసమును ఎదుట నుంచుకొని గ్రహణత్యాగములను విచారించుచుండుట గమనింపదగిన విశేషము.

బృహత్కథామంజరి విషయము మఱింత విచారణీయము. శాతవాహనుని ఆస్థానమున నుండెనని ప్రసిద్ధుడైన గుణాఢ్యుడు పైశాచిలో రచించిన బృహత్కథ నేడు మూలరూపమున లభింపదు. కాశ్మీరమున ప్రచారమందున్న దాని రూపాంతరమును క్షేమేంద్రుడు 18 లంబకములలో, సుమారు 7,500 శ్లోకములలో సంగ్రహించెను. కొన్ని దశాబ్దముల పిదప అనంతరాజు మహిషి సూర్యమతి వినోదార్థము సోమదేవుడు అదే కథను కథాసరిత్సాగరమను పేర 21 వేలకు పైగా శ్లోకములలో చెప్పెను. ఇద్దఱికిని ఆధారము ఒక్కటే, దేశమును ఒక్కటే, కాలమును ఇంచుమించుగ ఒక్కటే. అయినను లోకము సోమదేవుని కథను ఆదరించినంతగా క్షేమేంద్రుని సంగ్రహమును ఆదరింపలేదు.

కారణము స్పష్టము. క్షేమేంద్రుడు ఒక ఘట్టమునుండి మఱియొక ఘట్టమునకు పాఠకుని నడపించు చిన్న చిన్న సంధానములను పెక్కుచోట్ల తొలగించెను. పాత్ర ఒకచోటికి ఎందులకు పోయినది, ఒక మాట ఎవరితో ఎందులకు అన్నది అను అంశములు అస్ఫుటములైనవి. మఱియొకవైపు ఋతువర్ణనలకు, స్త్రీవర్ణనలకు అవకాశము దొరకినప్పుడు శ్లోకములను ధారాళముగ వ్యయము చేసెను. కథకు భారము వహించు భాగము తగ్గి, భారము వహింపని భాగము మిగిలినది. సోమదేవుడు వర్ణనలను మితపఱచి, పాత్రల హేతువులను నిలిపి, కథను సుబోధముగ నడపెను. ఎంత కోసివేసినను, కోసినదానిలో కారణకార్యసంబంధము పోయినచో మిగిలిన సన్నివేశములు ప్రయోజనహీనములగునని ఈ రెండు గ్రంథములను సరిపోల్చిన వారికి తోచకపోదు.

ఆ బృహత్కథాసంప్రదాయముననే సార్థకసన్నివేశమునకు మేలైన దృష్టాంతము కూడ కలదు. శశాంకవతీలంబకములోని వేతాళకథలను క్షేమేంద్రుడు, సోమదేవుడు ఇద్దఱును చెప్పిరి. శవమును మోయుచున్న రాజు మౌనముగ నుండవలెను. వేతాళుడు ప్రతికథ చివర ఒక చిక్కుప్రశ్న వేయును. ధర్మము తెలిసిన రాజు సమాధానము చెప్పక మానలేడు, చెప్పినచో శవము తిరిగి చెట్టునకు చేరును. కావున ప్రతి ఉపకథయు రాజు వివేకమును పరీక్షించుటతోబాటు ప్రధానకథను మలుపు త్రిప్పుచున్నది. కడపటి ప్రశ్నకు రాజు సమాధానము తోపక మౌనము వహించిన తరువాతనే వేతాళుడు భిక్షువు పన్నిన కుట్రను బయలుపెట్టును. ముందరి కథలన్నియు ఆ ఒక్క మౌనమునకు సోపానములు.

ఔచిత్యవిచారచర్చ

మంజరుల పిదప, అనంతరాజు కాలముననే, క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చను రచించెను. దేనికి ఏది తగియుండునో అట్టి భావమే ఔచిత్యమని అతని నిర్వచనము. రసము కావ్యమునకు ప్రాణమైనచో, ఆ ప్రాణము నిలుచుటకు ఔచిత్యమే హేతువని అతని సిద్ధాంతము. మొలనూలు మెడలో తగిలించుకొన్నచో, అందెలు చేతులకు తొడుగుకొన్నచో బంగారమైనను నవ్వులపాలగునట్లు, గుణాలంకారములు కూడ స్థానభ్రంశముచే దోషములగునని అతడు బోధించెను. పదము, వాక్యము, ప్రబంధార్థము మొదలుకొని నామము, ఆశీర్వాదము వరకు 27 స్థానములలో ఔచిత్యమును పరీక్షించెను. ప్రతిస్థానమునకును ఉదాహరణమును, ప్రత్యుదాహరణమును చూపుట అతని పద్ధతి.

కథాసన్నివేశములకు సంబంధించినది ప్రబంధార్థౌచిత్యము. మేఘదూతమున యక్షుడు మేఘుని వంశమును, ఇంద్రునితో అతనికిగల సంబంధమును ప్రశంసించు సందర్భమును క్షేమేంద్రుడు మెచ్చుకొనెను. అచేతనమైన మేఘము దూతకార్యమునకు ఎట్లు తగునను శంక ఆ కావ్యమునకు మూలముననే ఉన్నది. ఆ ప్రశంస మేఘునకు చైతన్యమును, గౌరవమును కల్పించి, రాబోవు కావ్యమంతటికి ఆధారపీఠమగుచున్నది. అదే కాళిదాసుని కుమారసంభవమున పార్వతీపరమేశ్వరుల సంభోగవర్ణనము జగత్పితరులయెడ తగదని అతడు ఆక్షేపించెను. ఆనందవర్ధనుడు ఈ విషయముననే మహాకవిశక్తి దోషమును కప్పివేయునని మన్నించియుండెను. క్షేమేంద్రుడు ఆ మన్నింపునకు ఒప్పుకొనలేదు. కవి ఎంతటివాడైనను సన్నివేశము తన అర్హతను తానే నిరూపించుకొనవలెనని అతని పట్టుదల.

ఉత్తరరామచరితపంచమాంకముపై అతడు చేసిన విమర్శ విశేషచర్చకు పాత్రమైనది. చంద్రకేతునితో వాదించుచు లవుడు తాటకావధ, ఖరునితో యుద్ధము, వాలివధ అను ఘట్టములను ఎత్తి శ్రీరాముని ఆక్షేపించును. ఒక బాలుని వీరమును పెంచుటకై ప్రధాననాయకుని వీరమునకు హాని కలిగించుట అనుచితమని క్షేమేంద్రుని తీర్పు. శ్లోకమును విడిగా తీసి చూచినచో ఆ తీర్పు కాదనరానిదే. కాని లవునకు రాముడు తన తండ్రియని తెలియదు. సామాజికులకు తెలియును. ఆ మాటలలోని ధిక్కారము రఘువంశరక్తమునే సూచించుచున్నది. తరువాతి అంకమున రాముడు ప్రవేశించి ఆ బాలుని చూచి అకారణముగ ద్రవించునప్పుడు, వెనుకటి ధిక్కారము కరుణకు ఉద్దీపకమగుచున్నది. పంచమాంకసన్నివేశమునకు ప్రయోజనము షష్ఠాంకమున ఫలించినది. ఒక ఘట్టమును దాని స్థానమున నిలిపి, ముందువెనుకలతో కలిపి తూచినగాని దాని ఔచిత్యము తేలదు. ఈ సూత్రము క్షేమేంద్రుని ప్రబంధార్థౌచిత్యమునందే ఇమిడియున్నది. అయినను ఒక్కొక్క శ్లోకమును పరీక్షించు అతని పద్ధతి ఇచ్చట ఆ సూత్రమును అందుకొనలేకపోయినది.

ఇదే కాలమున కవికంఠాభరణమున కవిత్వశిక్షను, సువృత్తతిలకమున ఛందోవినియోగమును నిరూపించెను. కాళిదాసునకు మందాక్రాంత, భవభూతికి శిఖరిణి వశవర్తినులని గుర్తించినవాడు అతడే. వృత్తము కూడ విషయమునకు సేవ చేయవలెనని అతని భావము.

ఉపదేశకావ్యములు

క్షేమేంద్రుని కథనశక్తి చిన్నకథలలో మిక్కిలి రాణించినది. దర్పదళనమున కులము, ధనము, విద్య, రూపము, శౌర్యము, దానము, తపస్సు అను ఏడు గర్వహేతువులకు ఏడు విచారములను వ్రాసెను. భారతారణ్యపర్వమున రోమశుడు తీర్థయాత్రాప్రసంగములో చెప్పిన యవక్రీతోపాఖ్యానమును ఇచ్చట విద్యాదర్పమునకు దృష్టాంతముగ నిలిపెను. కథ పాతదే, స్థానము మాఱుటచే ప్రయోజనము మాఱినది. గురుముఖమున చదువక తపస్సుచే విద్యను సంపాదించుట, దానివలన గర్వించుట, గర్వముచే అపచారము చేసి నశించుట అను మూడు మెట్లే ఇచ్చట ప్రధానములు.

1050లో రచించిన సమయమాతృకలో కంకాళియను వృద్ధకుట్టని సంచారవృత్తాంతము కలదు. ఆమె మఠములను, విహారములను, గృహములను మాఱుపేర్లతో దాటిపోవును. ప్రతి మజిలీయందును ఒక క్రొత్త వేషము, ఒక క్రొత్త మోసము, ఒక వర్గము యొక్క బలహీనత బయటపడును. పైకి అల్లిబిల్లిగా తోచు ఆ సంచారము ఒక దేశముయొక్క సంఘచిత్రమగుచున్నది. నర్మమాలలో కాయస్థాధికారుల లంచగొండితనమును ఎండగట్టెను. ఈ కావ్యములలో అతని వర్ణనలు సైతము ఊరక నిలువవు, ప్రతి వివరమును ఒక దోషమును వేలెత్తి చూపును.

చరమదశ

1052లో క్షేమేంద్రుడు బోధిసత్త్వావదానకల్పలతను ముగించెను. వైష్ణవుడయ్యును బుద్ధకథలను 107 పల్లవములలో శ్రద్ధతో చెప్పెను. సోమేంద్రుడు ఒకటి చేర్చి 108గ పూర్తిచేసెను. ఈ గ్రంథము టిబెట్టు దేశమున అనువాదరూపమున గౌరవము పొందినది. శరచ్చంద్రదాసు దానిని టిబెట్టు పాఠముతోగూడ 1888నుండి కలకత్తాలో ప్రకటించెను. 1066లో, కలశుని రాజ్యకాలమున, త్రిపురేశశైలమున నివసించుచు క్షేమేంద్రుడు దశావతారచరితమును రచించెను. బుద్ధుని అందు తొమ్మిదవ అవతారముగ నిలిపెను.

అతని గ్రంథములలో పెక్కు నేడు లభింపవు. వానిలో నృపావళియను కాశ్మీరరాజచరిత్ర ఒకటి. 12వ శతాబ్దిమధ్యమున రాజతరంగిణిని రచించిన కల్హణుడు ఆ గ్రంథమును కవిత్వదృష్టితో అంగీకరించుచునే, అనవధానముచే దోషరహితమైన భాగము దానిలో లేకపోయెనని తీర్పు చెప్పెను. ఇతరుల కావ్యములలో ఒక నిపాతము తప్పినను సహింపని విమర్శకునికి అట్టి మాట తగులుట విధివైచిత్ర్యము.

క్షేమేంద్రుని కావ్యములలో తారతమ్యము కలదు. మంజరులలో సంక్షేపము కథాసంధానమును మ్రింగినది. ఉపదేశకావ్యములలో ప్రతిఘట్టమును లక్ష్యమునకు బద్ధమైనది. ఈ రెండింటిని కలిపి చదివినప్పుడే ఔచిత్యవిచారచర్చ విలువ పూర్తిగ తెలియును. సన్నివేశము చిన్నదగుట గుణము కాదు, పెద్దదగుట దోషము కాదు. అది లేకున్నచో తరువాతి ఘట్టము నిలువనేరదని చెప్పగలిగినప్పుడే దానికి కథలో చోటు కలదు. మహాకవులను సైతము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారినిగ చేసినది క్షేమేంద్రుడు. కళాశాలలలో రూపకములను, ప్రబంధములను బోధించునప్పుడు సంధ్యంగములను పేర్లతో లెక్కించుటతో ఆగక, ప్రతి అంగమును ఈ ప్రశ్నతో పరీక్షించుట ఆ విమర్శకుని ఋణము తీర్చుకొను మార్గము.