పదహారు పేర్లలో ఏడో పేరు

మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ కవర్ పేజీ మీద పేర్లు ఏ ఆర్డర్‌లో వెయ్యాలి అని మా బ్యాచ్‌లో ఈమధ్య చిన్న గొడవైంది. ఒకళ్ళు కోడ్ మొత్తం రాసారు, ఒకళ్ళు పీపీటీ చేసారు, ఇంకొకళ్ళు వైవా రోజు మాత్రమే కనిపించారు. చివరికి రోల్ నంబర్ ప్రకారం వేసేసాం. గొడవ ఆగింది గానీ, ఎవరు ఏం చేసారో ఆ పేజీ చూసి ఎవరూ చెప్పలేరు. అప్పుడే ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చదివాను.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ పాసవలేదు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు ఒక ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, ఎంబీబీఎస్ రావాల్సిన చోట ఎల్ఎంఎస్ మాత్రమే వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. 1922లో అమెరికా వెళ్ళి, ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడిగే పని చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు.

అక్కడ సైరస్ ఫిస్క్ ల్యాబ్‌లో చేరారు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ముందు ఫిస్క్, తర్వాత సుబ్బారావు. బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఆ పద్ధతి ఈ రెండు పేర్లతోనే ఉంది. తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. ఇంటర్‌లో మనం బట్టీపట్టిన ఏటీపీయే! అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు.

ఇంతవరకు పేరైతే ఉంది. కానీ పేపర్‌గా బయటికి రాని పని సంగతేంటి? అదే ల్యాబ్‌లో పనిచేసి, తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పినదాని ప్రకారం, సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని చాలా ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కొత్తగా కనుక్కోవాల్సి వచ్చింది. ఫిస్క్ అసూయతో వాటిని వెలుగులోకి రానివ్వలేదట. హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం దొరకలేదు. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళిపోయారు.

అక్కడ ఆయనే పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. ఇప్పుడు పేర్ల ఆర్డర్ ఆయన చేతిలో ఉంది కదా, ఏం చేసారు? ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసిన సంగతి 1945లో సైన్స్ పత్రికలో వచ్చింది. దాని మీద పదహారు పేర్లు, ఎనిమిదేసి చొప్పున రెండు గుంపులు, గుంపులో అక్షరక్రమం. ఎస్ అక్షరం దగ్గర, ఏడో స్థానంలో సుబ్బారావు. డైరెక్టర్ అని ముందూ లేదు, చివరా లేదు. అన్నదమ్ముల్ని తీసుకెళ్ళిన స్ప్రూకి పనికొచ్చిన మందు అది. అయినా ఏడో పేరే.

ఆయన టీమ్ తయారుచేసిన అమినాప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పదహారు మంది పిల్లలకి ఇచ్చి చూసారు. పది మందికి కొంతకాలం గుణం కనిపించింది. 1948 జూన్‌లో వచ్చిన ఆ పేపర్ మీద ఐదుగురు డాక్టర్ల పేర్లున్నాయి, సుబ్బారావు పేరు లేదు. అది రోగులకి మందిచ్చిన వాళ్ళ పేపర్, ఆ లెక్కన తప్పేమీ కాదు. కానీ కీమోథెరపీ చరిత్ర చెప్పేటప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఫార్బర్ పేరే. రెండు నెలలకి, ఆగస్టులో, 53 ఏళ్ళకే సుబ్బారావు చనిపోయారు. మన దేశం ఆయన పేరిట స్టాంపు వేసింది 1995లో.

మొదట్లో నాకు ఫిస్క్ మీద కోపం వచ్చింది, సుబ్బారావు గారి అక్షరక్రమం గొప్పగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, అది కూడా మా రోల్ నంబర్ ఆర్డర్ లాంటిదే. ఎవరినీ తక్కువ చెయ్యదు, కానీ ఎవరు ఏం చేసారో కూడా చెప్పదు. ఆయన మంచితనం వల్ల నష్టపోయింది ఆయన ఒక్కరే కాదు, ఆ పని ఎలా జరిగిందో తెలుసుకోవాలనుకునే మనం కూడా.

అందుకే మా రిపోర్ట్‌లో కవర్ పేజీ అలాగే ఉంచి, లోపల ఇంకో పేజీ చేర్చాం. ఏ మాడ్యూల్ ఎవరిది, టెస్టింగ్ ఎవరిది, పీపీటీ ఎవరిది. వైవాకి మాత్రమే వచ్చినవాళ్ళ పేరు పక్కన ఏం రాయాలో వాళ్ళనే అడిగాం. ఇంకా ఆలోచిస్తున్నారు.