తల కాచిన వైద్యుడు

శివరాత్రినాడు పెండ్లిమర్రి మండలమందలి పొలతల క్షేత్రమునకు పోవు త్రోవలో నిలిచి చూచినచో మోటారు సైకిళ్ళ వరుస తెగదు. ఒకప్పుడు ఎద్దుబండ్లు సాగిన త్రోవ అది. ఇప్పుడు ఒక్కొక్క వాహనముపై ఇద్దఱు, ముగ్గురు, కొన్నిటిపై ముందు పెట్రోలు ట్యాంకుమీద పసిబిడ్డయు కనబడుదురు. చాలమంది వద్ద హెల్మెట్టు లేకపోలేదు; కాని అది అద్దమునకో, మోచేతికో వ్రేలాడుచుండును. ఆ శిరస్త్రాణము సామాన్యుల తలపైకి వచ్చుట వెనుక ఒక వైద్యుని యేండ్ల తరబడి శ్రమ కలదు. ఆయన పేరు హ్యూ కెయిర్న్స్. వైద్యలోకమున మిక్కిలి ప్రసిద్ధుడైనను మన ప్రాంతమున ఆయనను ఎఱిగినవారు అరుదు.

కెయిర్న్స్ 1896వ సంవత్సరము జూన్ 26వ తేదీన దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీ పట్టణమున జన్మించెను. తండ్రి స్కాట్లండు దేశమునుండి వలసవచ్చిన వడ్రంగి. బాలుడు రివర్టన్ అను చిన్న యూరి బడిలోను, పిదప అడిలైడు నగరమునను చదివి, తెలివిచేతనే పైకి వచ్చి వైద్యవిద్యలో ప్రవేశించెను. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చిపడెను. చదువు ముగియకమునుపే 1915లో సైనిక వైద్యదళమున సామాన్య సైనికుడుగా చేరి, లెమ్నాస్ ద్వీపమందలి ఆసుపత్రిలో క్షతగాత్రులకు పరిచర్య చేసెను. తిరిగివచ్చి 1917లో పట్టము పొంది, మరల వైద్యాధికారిగా యుద్ధరంగమునకు వెడలెను. రోడ్సు విద్యార్థి వేతనము లభింపగా 1919లో ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డు చేరెను. అక్కడ పుస్తకములతోపాటు తెడ్డును కూడ పట్టి, 1920వ సంవత్సరపు ప్రసిద్ధమైన పడవపందెమున ఆ విశ్వవిద్యాలయము పక్షమున పాల్గొనెను.

ఆ దినములలో మెదడునకు శస్త్రచికిత్స యనిన వైద్యులే జంకెడివారు. ఆ విద్యలో అమెరికా దేశీయుడగు హార్వీ కుషింగు అగ్రగణ్యుడు. కెయిర్న్స్ 1926లో బోస్టను నగరమునకు పోయి ఆయన కడ ఒక యేడు శిష్యరికము చేసెను. తొందరపడక, రక్తస్రావమును అణచుచు, గంటల తరబడి ఓపికతో పనిచేయు పద్ధతి ఆ గురువునుండి అలవడినది. లండనుకు మరలివచ్చి మెదడు శస్త్రచికిత్సయే తన వృత్తిగా చేసికొనెను.

1935వ సంవత్సరము మే నెలలో ఆయనకు ఒక పిలుపు వచ్చెను. అరేబియా లారెన్సు అని లోకము పిలిచిన టి. ఇ. లారెన్సు వేగముగా పోవు మోటారు సైకిళ్ళయందు మక్కువ గలవాడు. మే 13వ తేదీన డార్సెట్ ప్రాంతమున తన యింటికి సమీపముననే బ్రో సుపీరియర్ అను బలమైన వాహనముపై వచ్చుచుండగా, ఎదుట సైకిళ్ళపై ఇద్దఱు బాలురు కనబడిరి. వారిని తప్పింపబోయి అదుపు తప్పి పడెను. బాలురు బ్రదికిరి. లారెన్సు తలకు శిరస్త్రాణము లేదు. వైద్యులు చేరిరి, కెయిర్న్స్ చేరెను, అప్పటికి తెలిసిన విద్యయంతయు ప్రయోగింపబడెను. ఆఱు దినములు స్మృతిలేక పడియుండి, మే 19వ తేదీన తన నలువదియాఱవ యేట లారెన్సు మరణించెను. యుద్ధములలో తుపాకిగుండ్లను తప్పించుకొనినవాడు ఇంటి ముంగిటి బాటమీద నేలకు తల తగిలి పోయెను. పుర్రె పగిలిన పిదప శస్త్రవైద్యుడు చేయగలది ఎంత కొంచెమో కెయిర్న్స్ కన్నులార చూచెను. ఆ మరణమే ఆయన తరువాతి పరిశోధనకు మూలమని చరిత్రకారులు కొందఱు తలంతురు.

1937లో ఆయన ఆక్స్‌ఫర్డునందు శస్త్రచికిత్సా శాఖకు నఫీల్డ్ ఆచార్యుడయ్యెను. ఆ పీఠమునకు ధనమిచ్చిన నఫీల్డు ప్రభువు మోటారు కార్లు చేసి ధనికుడైనవాడు. మోటారు ధనముతో నిలిచిన పీఠమునుండియే మోటారు ప్రమాదములకు మందు వెదకుట జరిగినది!

1939లో రెండవ ప్రపంచ యుద్ధము మొదలయ్యెను. శత్రు విమానములకు భయపడి రాత్రులందు బ్రిటనులో వీథిదీపములు ఆర్పివేసిరి. సైన్యపు ఉత్తరువులను మోసికొనిపోవు వార్తాహరులు ఆ చీకటిలో మోటారు సైకిళ్ళపై పరువెత్తవలసి వచ్చెను. శత్రువు కనబడకయే సైనికులు చచ్చుచుండిరి. ఆక్స్‌ఫర్డులోని సెయింట్ హ్యూస్ కళాశాలను 1940లో తలగాయముల ఆసుపత్రిగా మార్చి, కెయిర్న్స్ నాయకత్వమున నడిపిరి. యుద్ధము ముగియులోపల అచ్చట పదమూడు వేలమందికి పైగా చికిత్స జరిగినది.

కెయిర్న్స్ అంతటితో తృప్తి చెందలేదు. మంచముమీది రోగిని చూచుటతోపాటు లెక్కల కాగితములను ముందు పెట్టుకొనెను. యుద్ధమునకు ముందటి ఇరువదియొక్క మాసములలో బ్రిటను బాటలపై 1,884 మంది మోటారు సైకిలువారు, వెనుక కూర్చున్నవారితో కలిపి, మరణించిరి. యుద్ధము వచ్చిన పిదప అంతే కాలములో ఆ సంఖ్య 2,279 అయ్యెను. చనిపోయినవారిలో ఎక్కువమందికి తగిలినది తలగాయమే. శిరస్త్రాణము ధరించి ప్రమాదమునకు లోనైనవారు ఆయనకు అప్పటికి ఏడుగురే దొరకిరి, ఏడుగురును బ్రదికిరి. ఏడుగురితో సిద్ధాంతము నిలువదని ఎవ్వరైనను అనవచ్చును. అయినను వేచియుండిన కొలది ప్రాణములు పోవుచుండెను. 1941వ సంవత్సరము అక్టోబరులో ఆయన ఈ విషయమును బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించెను. నవంబరులో సైన్యము, విధిలో నున్న మోటారు సైకిలు సైనికులందఱు శిరస్త్రాణము ధరింపవలెనని ఆజ్ఞాపించెను.

పిమ్మట హోల్‌బర్న్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఆయనకు తోడయ్యెను. జిగురువంటి పదార్థముతో మెదడు నమూనాను చేసి, దెబ్బ తగిలినపుడు లోపల ఏమగునో హోల్‌బర్న్ పరీక్షించెను. మన యింటి యుదాహరణము చెప్పుదును. కుండలో గట్టిగా తోడుకొన్న పెరుగు ఉన్నదనుకొనుడు. కుండను గభాలున త్రిప్పి ఆపినచో, కుండ పగులకున్నను లోపలి పెరుగు విఱుగును. మెదడును అట్టిదే. కావున పుర్రెను పగులనీయకుండుట ఒక యెత్తు, దెబ్బ వేగమును తగ్గించుట మఱియొక యెత్తు. 1943లో ఈ ఇరువురును శిరస్త్రాణము ధరించి పడిన నూఱుమందికి పైగా క్షతగాత్రులను గూర్చి వ్రాసిరి. వారిలో పుర్రె పగుళ్ళు తక్కువగా కనబడెను. యుద్ధానంతరము 1946లో కెయిర్న్స్ నెలవారీ మరణముల పట్టికను ప్రకటించెను. సైన్యపు ఆజ్ఞ తరువాత మరణములు తగ్గుముఖము పట్టినట్లు అందు కనబడును. పెట్రోలు కొఱతకును దానిలో కొంత పాలుండవచ్చును, కాని అంతయు దానిదే కాదు.

నేటి హెల్మెట్టుకును మూలసూత్రము అదియే. పైపెంకు గట్టిది, దెబ్బను ఒక్కచోట నిలువనీయక పఱచును. లోపలి థర్మోకోలు పొర తాను నలిగి, తలకు తగులు అదటును తగ్గించును. ఒకమాఱు నలిగిన పొర మరల పని చేయదు. కావున ప్రమాదమున దెబ్బతిన్న హెల్మెట్టు చూచుటకు బాగున్నను పారవేయవలసినదే. తలకు బిగువుగా అమరినదియు, ఐ.ఎస్.ఐ. ముద్ర గలదియు కొనవలెను. గడ్డము క్రింది పట్టీ బిగింపకున్న అది హెల్మెట్టు కాదు, టోపీ. నా శిష్యుడొకడు పట్టీ పెట్టుకొనక పోవుచు, కంకరమీద జారి పడెను. వానికంటె ముందు హెల్మెట్టు ఎగిరి ముండ్లపొదలో పడినది. ప్రాణము దక్కెను గాని, ఆఱు నెలలు తన చెల్లెలి పేరు వానికి జ్ఞప్తికి రాలేదు. నన్ను చూచి ఎవరని అడిగిన దినము నేను మఱువలేదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవువాడు ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా సాగిపోవును. ఎదుటి గేదెను చూచి బ్రేకు పట్టుటకు పూర్వమే అంత దూరము గడచిపోవును. వేగము రెట్టింపయినచో, బ్రేకు పట్టిన పిదప ఆగుటకు కావలసిన దూరము నాలుగింతలగును. క్రొత్తగా నేర్చువాడు ఇసుక, కంకర గల మలుపులలో ముందు బ్రేకును గట్టిగా పట్టరాదు. మలుపునకు ముందే వేగము తగ్గించి, తిన్నని బాటలో రెండు బ్రేకులను మెల్లగా కలిపి వాడవలెను. పడువాడు మొదట చేతులు నేలకు ఆనించును, గాన చేతితొడుగులు కావలెను. చెప్పులకంటె చీలమండను కప్పు బూట్లు మేలు. వెనుక దీపము లేని ట్రాక్టరు రాత్రివేళ ఆక్స్‌ఫర్డు చీకటికంటె తీసిపోదు. మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 129వ విభాగము హెల్మెట్టును విధించుచున్నది. 2019 సవరణ ప్రకారము నాలుగేండ్లు దాటిన ప్రతివ్యక్తికి, వెనుక కూర్చున్నను, ఇది వర్తించును. గేర్లుగల వాహనము నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండవలెను. కావున ఎనిమిదవ తరగతి వారికి ప్రస్తుతము వెనుక సీటే గతి.

కెయిర్న్స్ యుద్ధకాలమున ఇతరములైన పనులను కూడ చేసెను. శస్త్రవైద్యులను యుద్ధరంగమునకే కొనిపోవు సంచార దళములను ఏర్పాటు గావించెను. 1943లో ఫ్లోరీతో కూడి ఉత్తరాఫ్రికాకు పోయి, అప్పుడే వచ్చిన పెనిసిలిను క్షతములపై ఎట్లు పనిచేయునో పరీక్షించెను. 1946లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1952వ సంవత్సరము జూలై 18వ తేదీన, ఏబదియాఱవ యేట, క్యాన్సరు వ్యాధివలన ఆక్స్‌ఫర్డునందు మరణించెను.

అప్పటికి సామాన్య ప్రజకు హెల్మెట్టును విధించిన చట్టము ఏ దేశమునను లేదు. ఆయన పోయిన తొమ్మిదేండ్లకు, 1961లో, ఆయన జన్మదేశమగు ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున అట్టి చట్టము మొదట అమలులోనికి వచ్చెను. లారెన్సు పడిన బాట గల బ్రిటనులో 1973వ సంవత్సరము జూన్ ఒకటవ తేదీ వఱకు ఆలస్యమైనది.