ఆచార్య వినోబా భావే

నేరము చేసినవానిని శిక్షింపవలెననుట లోకధర్మము. శిక్ష లేనిచో బలవంతుడు బలహీనుని బ్రతుకనీయడు. కాని శిక్ష ముగిసిన పిదప ఆ మనుజుడు ఏమగునను ప్రశ్న చాలమందికి తోచదు. చెరసాలలో పది సంవత్సరములు గడపినవాడు పగతోనే వెలుపలికి వచ్చినచో లోకమునకు కలిగిన మేలేమి? ఈ ప్రశ్నకు తన జీవితముచేత సమాధానము వెదకిన మహనీయుడు ఆచార్య వినోబా భావే.

ఆయన అసలు పేరు వినాయక నరహరి భావే. 1895వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన మహారాష్ట్రమునందలి గాగోదె గ్రామమున జన్మించెను. తల్లి రుక్మిణీదేవి పరమభక్తురాలు. ఒకనాడు దృఢకాయుడైన యాచకుడొకడు వాకిట నిలువగా ఆమె భిక్ష పెట్టెను. ఇట్టివారికి పెట్టినచో సోమరితనము పెరుగునని బాలుడు వాదించెను. యోగ్యుడెవడో అయోగ్యుడెవడో నిర్ణయించుటకు మనమెవరమని తల్లి ప్రశ్నించెను. వాకిటికి వచ్చిన ప్రతివానియందును భగవంతుని చూచుటయే తనకు తెలిసిన ధర్మమని చెప్పెను. ఆ మాటను ఖండింపగల యుక్తి పెద్దవాడైన తరువాత కూడ వినోబాకు దొరకలేదు.

1916లో పరీక్షకై బొంబాయికి బయలుదేరిన వినోబా నడుమ దారి మార్చుకొని కాశికి పోయెను. ఆ సంవత్సరము జూన్ మాసముననే అహమ్మదాబాదు సమీపమునగల కోచరబు ఆశ్రమమున గాంధీమహాత్ముని దర్శించి ఆయనకు అనుచరుడయ్యెను.

స్వాతంత్ర్యోద్యమము వినోబాను పలుమారులు చెరసాలకు పంపెను. 1932లో ఆయన ధూలియా చెరసాలలో ఉండెను. తోడి ఖైదీలు కోరగా ప్రతి ఆదివారమును భగవద్గీతలోని ఒక్కొక్క అధ్యాయమును గూర్చి ప్రసంగించెను. సానే గురూజీ ఆ ప్రసంగములను వ్రాసియుంచెను. అవియే నేడు గీతా ప్రవచనములను పేర ప్రసిద్ధి చెందినవి. ఎంతటి దురాచారుడైనను మనసు మరలినచో ధర్మాత్ముడు కాగలడని గీత తొమ్మిదవ అధ్యాయము బోధించుచున్నది. ఆ బోధ ఖైదీల నడుమ, ఖైదీయైన వాని నోట వెలువడుట విశేషము. క్విట్ ఇండియా ఉద్యమకాలమున వేలూరు చెరసాలలో ఉన్నప్పుడు ఆయన తెలుగుతో కూడ దక్షిణదేశపు నాలుగు భాషలను నేర్చెను.

ఆ తెలుగుదేశమే ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. 1951లో వినోబా వార్ధానుండి కాలినడకన హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు వచ్చెను. అప్పటికి తెలంగాణము సాయుధ పోరాటముతో అట్టుడికినట్లుండెను. శ్రీరామనవమి నాడు ఆయన హైదరాబాదు చెరసాలకు పోయి, అచ్చట బంధింపబడిన కమ్యూనిస్టులతో ముచ్చటించెను. మూడు దినముల పిమ్మట, ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లి చేరెను. అచ్చటి హరిజనులు తమకు ఎనుబది ఎకరముల భూమి కావలెనని వేడిరి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరు ఎకరములు ఇచ్చెదనని పలికెను. భూదానోద్యమమునకు అదియే నాంది. ఆకలిని తొలగింపక అలజడిని మాత్రమే అణచుట వ్యర్థమని వినోబా గ్రహించెను.

ఆయన విశ్వాసమునకు కఠిన పరీక్ష 1960లో ఎదురయ్యెను. మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రముల సరిహద్దులలో చంబలు నది పారుచున్నది. వాననీటి కోతచే ఏర్పడిన లోతైన గండ్లు అచ్చట మైళ్లకొలది వ్యాపించియున్నవి. భూతగాదాలవలన, తరతరముల పగలవలన ఇల్లు విడిచినవారు ఆ గండ్లలో దాగి దోపిడులు, హత్యలు చేయుచుండిరి. వారు తమ్ము దొంగలని చెప్పుకొనక, తిరుగుబాటుదారులను అర్థమున బాగీలని చెప్పుకొనెడివారు. ఒకడు పోలీసుల తుపాకికి బలియైనచో వాని చోట మరియొకడు పుట్టుచుండెను. మానసింగు అను పేరుమోసిన నాయకుడు 1955లో హతుడయ్యెను. అతని కుమారుడు తహసీల్దారు సింగు ఉరిశిక్ష పడి నైనీ చెరసాలలో ఉండెను. మరణించులోపల వినోబా దర్శనము కావలెనని అతడు జాబు వ్రాసెను. వినోబా తన బదులు మేజరు జనరల్ యదునాథ సింగును పంపి అతని గోడు వినిపించుకొనెను. పిమ్మట అతని ఉరిశిక్ష యావజ్జీవ శిక్షగా మారెను.

1960 మే మాసమున వినోబా చంబలు లోయలో కాలినడకన సంచరించెను. అప్పుడాయన వయస్సు అరువదినాలుగు సంవత్సరములు. ఊరూర ప్రార్థనసభలు జరిపెను. బాగీలకు క్షమాపణము ఇప్పించెదనని ఆయన చెప్పలేదు. చట్టము తన పని తాను చేయును; చేసిన తప్పును నిర్భయముగ ఒప్పుకొని శిక్ష అనుభవింపవలెను; హింస పెట్టక న్యాయముగ చూచునట్లు, ఆలుబిడ్డలు దిక్కులేనివారు కాకుండునట్లు ప్రయత్నము జరుగునని మాత్రము చెప్పెను. ఇరువదిమంది వచ్చి ఆయన పాదములచెంత ఆయుధముల నుంచిరి. లుక్కా అను పేర ఆ సీమను గడగడలాడించినవాడును వారిలో ఒకడు.

ఈ పనిని అందరును మెచ్చలేదు. నేరస్థులకు గౌరవము కలుగునని, ప్రాణములకు తెగించి పోరాడిన పోలీసుల శ్రమ చిన్నబోవునని కొందరు అధికారులు ఆక్షేపించిరి. హతుల కుటుంబముల కన్నీటిని ఎవరు తుడుతురను ప్రశ్నయు న్యాయమైనదే. లోయలో దోపిడులును వెంటనే ఆగలేదు. అయినను నాటిన విత్తు వృథా కాలేదు. 1972లో జయప్రకాశ నారాయణుని సమక్షమున వందలకొలది బాగీలు లొంగిపోయిరి. వారిలో పలువురిని ఎత్తైన గోడల నడుమ బంధింపక, ముంగావళి యందలి బహిరంగ కారాగారమున ఉంచి పనిపాటలు నేర్పిరి.

ఆ వెలుగు తెలుగునాటికిని ప్రసరించెను. ఆంధ్రదేశ పాదయాత్రలో వినోబా ప్రసంగములను తెనిగించిన లవణం, ఆయన భార్యయు జాషువా మహాకవి పుత్రికయునగు హేమలత, చంబలు లోయలో సేవచేసి వచ్చిరి. పిమ్మట 1970 దశకమున స్టువర్టుపురమున సంస్కరణకు పూనుకొనిరి. పుట్టుకచేతనే కొన్ని కులములను నేరస్థులుగ ముద్రవేసిన పరాయి పాలకుల చట్టముచే ఏర్పడిన ఊరది. కర్నూలు సీమయందలి సిద్ధాపురమును అట్టిదే. లవణం దేవుని నమ్మని నాస్తికుడు. వినోబా పరమ ఆస్తికుడు. అయినను మనిషి మారగలడను నమ్మకము ఇరువురికిని ఒక్కటియే.

1982 నవంబరు 15వ తేదీన వినోబా పౌనారు ఆశ్రమమున ఆహారము, ఔషధము విడిచి ప్రశాంతముగ దేహము చాలించెను. మరుసటి సంవత్సరము భారత ప్రభుత్వము ఆయనకు భారతరత్న బిరుదమునిచ్చి గౌరవించెను.

వాల్మీకి పూర్వము బోయయై దారి దోచెనని మన పెద్దలు చెప్పుదురు. వ్రేళ్లను కోసి మాలగ ధరించిన అంగుళిమాలుని బుద్ధదేవుడు భిక్షువును చేసెనని బౌద్ధులు చెప్పుదురు. శిక్ష ఇతరులు విధించునది. ప్రాయశ్చిత్తము తనకు తాను విధించుకొనునది. మొదటిది చేతులను బంధించును. రెండవది మనస్సును మార్చును. మొదటిదానిని కాదనక, రెండవదానికి దారి చూపుటయే వినోబా చేసిన పని.